సరకులబండికి కరెంటుమేత



నేటి నా ప్రసంగము సరకులు మోయు చిన్నబండిని గూర్చి. ముప్పదియైదేండ్లు తెలుగుపండితుడుగా పనిచేసి, సంధులును సమాసములును బాలురకు బోధించి విశ్రాంతి గొన్న నావంటివాడు మోటారుబండ్లను గూర్చి మాటలాడనేల యని మీలో కొందరికి తోచవచ్చును. తోచుట న్యాయమే. కాని పల్లెటూర చదువు చెప్పినవాడు బడి విడిచిన పిదపను పంతులే. జాబు చదువవలెనన్నను, పత్రము వ్రాయవలెనన్నను, అప్పునకు సంతకము చేయవలెనన్నను ఊరివారు ఆయన యరుగు వెదకికొని వత్తురు. నా యరుగునకును అట్టి సంతకమొకటి వచ్చినది. దానికొరకై నేను ముసలితనమున నేర్చిన లెక్కనే నేడు మీకు మనవి చేయుచున్నాను.

మాది దివిసీమ, అవనిగడ్డకు చేరువనున్న పల్లె. 2025వ సంవత్సరము ఆషాఢమాసమున నా పూర్వశిష్యుడొకడు వచ్చి అరుగుమీద కూర్చుండెను. వానికొక పాత డీజిలు బండి కలదు. అది పండ్రెండేండ్లుగా వాని సంసారమును మోయుచున్నది. కొంతసేపు లోకాభిరామాయణము జరిగిన పిమ్మట వాడు అసలు సంగతి బయటపెట్టెను.

"మాస్టారూ, ఇది మార్చి కరెంటుబండి తీసుకుందామనుకుంటున్నాను. అప్పిచ్చేవాళ్లు జామీను అడుగుతున్నారు. మీరు సంతకం పెడితే సరి. లేకపోతే అమ్మ పేరున ఉన్న అరవై సెంట్లు తాకట్టు పెట్టాలి."

ఆ యరువది సెంట్లను నేనెరుగుదును. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని సముద్రము దివిసీమమీదికి వచ్చిననాడు నాకు పదునారేండ్లు. ఆ యుప్పెనకు ఉప్పు పట్టి చౌడైన ఆ చెక్కను వాని తాతగారు ఏటేట కాలువనీరు పెట్టి, కడిగి, మరల వరిపైరునకు తెచ్చెను. ఆ కుటుంబమునకు ఉన్న భూమి యదియొక్కటే. కావున వాని మాటకు వెంటనే ఔననుటకును, కాదనుటకును నాకు నోరాడలేదు. "నాయనా, ఒక పక్షము గడువిమ్ము. నీ బండిలో నీతో తిరిగి చూచి చెప్పెదను" అంటిని. వాడు నవ్వి, "రండి మాస్టారూ, ముందు సీటు మీదే" అనెను.

ఆ పదునైదు దినములును నేనొక నోటుపుస్తకము చేతబట్టుకొని తిరిగితిని. అందు వ్రాసిన సంగతులు చెప్పుటకు ముందు ఈ బండ్ల పూర్వోత్తరములు కొంచెము చెప్పవలసియున్నది.

మన డెల్టాలో సరకులు పోవు దారి కాలమునకొక తీరుగ మారుచు వచ్చినది. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట ముగిసిన పిదప మచిలీపట్టణమునకు ధాన్యమును, కలపయు బందరుకాలువలో పడవలమీద నడచెడివి. 1908లో బెజవాడనుండి గుడివాడమీదుగా బందరునకు రైలు వచ్చెను. అంతట పడవలకు బేరము తగ్గెను. తరువాత లారీలు వచ్చెను. లారీ పోలేని సందులకును, చెరువుగట్లకును రెండెడ్లబండియే దిక్కుగా నుండెడిది. 2005లో టాటావారి ఏస్ బండి వచ్చి ఆ యెడ్లబండి చోటు నాక్రమించుకొనెను. గమనింపుడు: క్రొత్తవాహనము పాతవాహనపు పనినంతయు ఒక్కసారి లాగికొనలేదు. తనకు సరిపడిన పనినే మొదట పట్టెను. నేడు ఆ బందరు రైలుదారిలో విద్యుత్తుతోనే రైళ్లు నడుచుచున్నవి. మనకది వింతగా లేదు. అదే విద్యుత్తు ఇప్పుడు తీగను విడిచి, పెట్టెలో దాగి, చిన్నబండి క్రిందికి చేరినది.

మన దేశమున మహీంద్రావారి మూడుచక్రముల విద్యుత్తు సరకుబండి ట్రియో జోర్ 2020లో వచ్చెను. 2022 మే నెలలో టాటావారు విద్యుత్తు ఏస్ బండిని చూపిరి. 2023 జనవరినుండి కొన్నవారికి చేర్చిరి. 2024 అక్టోబరులో మహీంద్రావారు నాలుగుచక్రముల జియో బండిని తెచ్చిరి. 2025 జూన్‌లో ఏస్ ప్రో యను చిన్నబండి యొకటి పెట్రోలుతోను, విద్యుత్తుతోను నడచు రూపములతో వెలువడెను. ఈ పేర్లు చెప్పుట యే కంపెనీని పొగడుటకు గాని తెగడుటకు గాని కాదు. నా శిష్యుడు తుదకు కొన్నది ఎవరి బండియో కూడ నేను చెప్పను. లెక్కకు కొన్ని అంకెలు కావలయును గనుక ఆ పేర్లనెత్తితిని.

ఇతరదేశముల యనుభవమును చూతము. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు 2021లో ఒక పెద్ద విద్యుత్తు పికప్పు బండిని ప్రకటించిరి. వెల నలుబదివేల డాలర్లకు కొంచెము లోపుగా చెప్పిరి. 2022లో బండి అమ్మకమునకు వచ్చెను. 2023 మార్చి నాటికి దాని వెల అరువదివేలకు చేరువైనది. వెనుక బరువైన తొట్టిబండిని తగిలించి లాగినచో అది పోగల దూరము సగమునకు పడిపోవుచున్నదని కొన్నవారు గుర్తించిరి. 2025 డిసెంబరులో ఆ బండిని కేవలము విద్యుత్తుతో నడచు రూపమున తయారుచేయుట మానుచున్నామని కంపెనీవారే ప్రకటించిరి. ఇది విని "చూచితిరా, ఈ కరెంటుబండ్లు నిలువవు" అనువారు కలరు.

వారికి నేను ఇంగ్లండు పాలబండిని చూపుదును. గతశతాబ్దమున ఆ దేశమందు తెల్లవారకమునుపే ఇంటింట పాలసీసాలు దించిన బండ్లు వేలకొలది విద్యుత్తుతో నడచినవి. నేటి పెట్టెలు కావవి. బరువైన సీసపు బ్యాటరీలు. అయినను దశాబ్దములపాటు నడచినవి. కారణమేమి? వాని దారి యెప్పుడును ఒక్కటే. దూరము కొద్ది. వీథివీథికి ఆగుట, కదలుట. పని ముగియగానే మరల ఒకే కొట్టునకు చేరి రాత్రియంతయు మేత మేయుట. ఆ బండ్లు తగ్గినది జనులు పాలు పెద్దయంగళ్లలో కొనుటకు మరగినప్పుడు. బండి చెడి కాదు, పని పోయి.

మేత యను మాట నాది కాదు. నా శిష్యుని తల్లిది. బ్యాటరీకి కరెంటు ఎక్కించుటను ఆమె మొదటినుండియు అట్లే అనుచున్నది. "బండికి మేత పెట్టావురా?" అని సాయంకాలము అడుగును. ఆ మాటలో గొప్ప యర్థమున్నది. ఎద్దు దారిలో దొరికినచోట గడ్డి మేయును గాని, దాని కడుపు నిండునది రాత్రి కొట్టములోనే. ఈ బండియు నట్టిదే. రాత్రికి ఇల్లు చేరు బండికి ఇది తగును. ఎక్కడ తెల్లవారునో తెలియని బండికి ఇప్పుడప్పుడే తగదు.

ఇక నా నోటుపుస్తకము. ఆ పదునైదు దినములలో నా శిష్యుడు ఒకదినము బండి కడుగలేదు, కదలింపలేదు, విశ్రాంతి. మిగిలినవి పదునాలుగు.

తొమ్మిది దినములు స్థలాంతరము పెద్దగా లేని బేరములు. ఉదయము అరటిగెలలు, కూరగాయలు ఎక్కించుకొని బందరునకు పోయి, అచ్చటినుండి అంగడిసరకు వేసికొని వచ్చుట. లేదా అవనిగడ్డనుండి మోపిదేవి, నాగాయలంక, కోడూరు వైపుల చిన్న అంగళ్లకు బస్తాలు దించుట. ఆ తొమ్మిదినాళ్లలో నేనాటికిని తొంబది కిలోమీటర్లు దాటలేదు.

మూడు దినములు చేపల బేరము. తెల్లవారుజామున గిలకలదిండి రేవునకు పోయి, ఐసు వేసిన చేపల పెట్టెలెక్కించి, పెడన, గుడ్లవల్లేరుల మీదుగా గుడివాడ సంతకు చేర్చి, పామర్రు, చల్లపల్లి దారిని ఇల్లు చేరుట. మొత్తము సుమారు నూటయిరువదియైదు కిలోమీటర్లు. ఐసు బరువును సరకు బరువుతో సమానముగా మోయవలెను.

తక్కిన రెండు దినములు రొయ్యలచెరువు పట్టుబడి. చెరువుగట్టు మీదినుండి రాత్రి పదిగంటలకు ఫోను వచ్చెను. రొయ్య వేచియుండదు. ఆ క్షణమున బయలుదేరి, నాగాయలంక వైపు గట్టుమీద సరకెత్తి, భీమవరము వైపు పోవలెను. పోను నూరు కిలోమీటర్లకు పైమాట, రాను నూరునకు పైమాట. నేను ముందు సీటులో కునికిపాట్లు పడుచుండగా వాడు తెల్లవారువరకు బండి తోలెను. ఇంటికి చేరిన పిదప లెక్క చూచితిమి: ఆ రెండు రాత్రుల సంపాదన తక్కిన అయిదారు పగళ్ల సంపాదనకు సమానము.

చిక్కు ఇచ్చటనే యున్నది. ఏ బేరము హెచ్చు ధనమిచ్చునో ఆ బేరమునకే ఈ బండి పనికిరాదు.

ఇప్పుడు దూరము, ధర లెక్క చెప్పెదను. 2025 జూన్‌లో వచ్చిన ఆ చిన్నబండి పెట్రోలు రూపము వెల అప్పుడు 3 లక్షల 99 వేలనుండి మొదలయ్యెను. విద్యుత్తు రూపము వెల 6 లక్షల 50 వేలుగా నుండెను. అంతరము రమారమి రెండున్నర లక్షలు. ఆ విద్యుత్తు బండి పెట్టెలో 14.4 యూనిట్లు పట్టును. ఒకసారి నింపినచో 155 కిలోమీటర్లు పోవునని కంపెనీవారి మాట. అది పరీక్షలో వచ్చిన యంకె. బరువుతో, మన యెండలో, ఆగుచు కదలుచు పోవునప్పుడు నూరు పోవునని లెక్క వేసికొనుట మేలు. పెట్టె నింపునప్పుడు కొంత కరెంటు వేడిగా పోవును గనుక మీటరులో పదునారు యూనిట్లు పడునని పెట్టుకొందము.

విద్యుత్తు వాహనములకని మన రాష్ట్రమున వేరుగా నిర్ణయించిన ధర 2025లో యూనిటుకు 6 రూపాయల 70 పైసలు. అనగా నూరు కిలోమీటర్లకు నూటయేడు రూపాయలు. కిలోమీటరుకు ఇంచుమించు రూపాయి పదిపైసలు. కాని ఇంటిమీటరునుండియే మేత పెట్టినచో ఒక మెలిక కలదు. ఇంటి కరెంటు ధర మెట్లుమెట్లుగా పెరుగును. నెలకు 400 యూనిట్లు దాటిన పిదప 2025 పట్టికలో యూనిటు 9 రూపాయల 75 పైసలు. దినమునకు పదునారు యూనిట్ల చొప్పున బండియొక్కటే నెలకు నాలుగువందలు త్రాగును. కావున బండికి వేరు మీటరు పెట్టించుకొనుట మొదటి పని.

పెట్రోలు లీటరు నూటపది రూపాయలుగా, బరువుతో లీటరుకు పదునెనిమిది కిలోమీటర్లుగా వేసికొన్నచో కిలోమీటరుకు ఆరు రూపాయల పదిపైసలు. భేదము అయిదు రూపాయలు. రెండున్నర లక్షలను అయిదుచేత భాగింపుడు: యాబదివేలు. అనగా యాబదివేల కిలోమీటర్లు తిరిగిననాడు ఎక్కువ పెట్టిన వెల తిరిగివచ్చును. ఆ పిదప మిగులునదే లాభము.

దినమునకు ఎనుబది కిలోమీటర్లు, ఏడాదికి మూడువందల దినములు తిరుగువానికి రెండేండ్లకు పైచిలుకు పట్టును. వడ్డీని చేర్చినచో మరియారు నెలలు కలుపవలెను. దినమునకు ముప్పది కిలోమీటర్లు మాత్రమే తిరుగువానికి అయిదున్నరయేండ్లు పట్టును. వానికి తొందరపడవలసిన పనిలేదు. నూటయేబది, రెండువందలు తిరుగువానికి ఆదా యెంతో కనబడును గాని దారిలో మేత లేదు. కాబట్టి తక్కువ తిరుగువానికి లాభము లేదు, ఎక్కువ తిరుగువానికి సాధ్యము లేదు. నడుమ నున్నవానిదే ఈ బండి. దినమునకు అరువదినుండి తొంబది కిలోమీటర్లు తెలిసిన దారిలో తిరిగి రాత్రికి ఇల్లు చేరువాడు మన మూడు ప్రాంతములలోను కలడు: గుడివాడలో మిల్లునుండి అంగళ్లకు బియ్యము చేర్చువాడు, బందరులో రేవునుండి ఊరి సంతకు చేపలు చేర్చువాడు, దివిసీమలో ఊరూర పాలు, పచారీ సరకులు మోయువాడు.

బరువు మాటయు చెప్పవలెను. ఆ చిన్నబండి 750 కిలోలు మోయునని వ్రాసియున్నది. ఇరువదియైదు కిలోల బియ్యపు సంచులు ముప్పది. మన వారికి సంచులు లెక్కింపక బండి క్రుంగువరకు వేయు నలవాటున్నది. డీజిలు బండి మూలుగుచునైనను మోసెడిది. ఈ బండియు మోయును. కాని దూరమును తగ్గించుకొనును. అధికభారము వేసినవాడు సాయంకాలము నడిదారిలో దాని ఫలితమును చూచును.

పక్షము ముగిసినది. నేను శిష్యునితో ఇట్లంటిని: "నాయనా, రొయ్యల బేరము నీకు కావలెనన్నచో ఈ బండి వలదు. ఈ బండి కావలెనన్నచో రొయ్యల బేరము వదలవలెను. రెండును కావలెనన్నచో అమ్మ భూమి పోవును." వాడు మాటలాడక లేచిపోయెను. కోపించెననుకొంటిని. నాలుగుదినముల పిదప తన పినతండ్రి కొడుకును వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పిల్లవానికి డీజిలు బొలెరో కలదు. ఇద్దరును ఒక యొప్పందము చేసికొనిరి: దూరపు బేరములు, రాత్రి పట్టుబడులు తమ్మునివి; ఊరి చుట్టుపట్ల దినచర్య బేరములు అన్నవి. వచ్చిన ఫోనును ఒకరికొకరు అందించుకొందురు. అవనిగడ్డలో ఒక టోకువర్తకుడు మూడు మండలముల అంగళ్లకు దినదినము సరకు చేర్చు పనిని వానికిచ్చుటకు ఒప్పుకొనెను. అప్పుడు నేను సంతకము చేసితిని. శ్రావణమాసమున బండి వచ్చెను. భూమి పత్రము పెట్టెలోనే యున్నది.

తరువాత జరిగినది కూడ దాచక చెప్పుట ధర్మము. మొదటి నెలలోనే గోడమీది ప్లగ్గు వేడెక్కి నల్లబడెను. ఇంటి తీగలు పాతవి, ఎర్తు సరిగా లేదు. ఎలెక్ట్రిషియనును పిలిచి, లావుతీగ వేయించి, ఎర్తు గొట్టము పాతించిన పిదప సర్దుకొనెను. ఆ ఖర్చును మేము లెక్కలో వేయలేదు, మీరు వేసికొనుడు. మరియొకసారి బండిలో ఏదియో దీపము వెలిగి కదలకపోగా బాగుచేయువాడు విజయవాడనుండి వచ్చువరకు ఒకటిన్నర దినము నిలిచిపోయెను. డీజిలు బండికి మన వీథి చివర మెకానికు కలడు; దీనికింకను లేడు.

2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మోంథా తుపాను నరసాపురమునకు చేరువ తీరము దాటెను. హెచ్చరిక విని నా శిష్యుడు ముందునాడే నిండుగా మేత పెట్టియుంచెను. ఆ మేతతో మా వీథివారి బియ్యపుసంచులను, పరుపులను బడిభవనమునకు చేర్చెను. అంతవరకు బాగు. మరునాటినుండి మూడు దినములు మా వీథికి కరెంటు లేదు. స్తంభములు పడినవి, ఎవరిని అనవలెను? తమ్ముని బొలెరో రోడ్డెక్కినది; అన్న బండి కదలలేదు. అప్పువాయిదాకు మాత్రము తుపాను సెలవు లేదు గదా! కార్తికమాసపు వాయిదా పదిదినములు ఆలస్యమైనది. అప్పిచ్చినవారి ఫోను నాకు వచ్చెను. జామీను అను శబ్దమునకు అర్థము ఆనాడు నాకు నిఘంటువుకంటె చక్కగ బోధపడినది.

మరల వాయిదాలు సరిగా నడుచుచున్నవి. బండి ఇప్పటికి పదునొకండువేల కిలోమీటర్లు తిరిగినది. యాబదివేలకు ఇంకను చాల దూరమున్నది. కావున గెలిచితిమని నేను చెప్పను. లెక్క తప్పలేదని మాత్రము చెప్పగలను.

ఇక వరదమాట. 2024 సెప్టెంబరు మొదటివారమున ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు పోయినది. మన లంకగ్రామములు మునిగినవి. బ్యాటరీపెట్టెను నీరు చొరకుండ మూసియే కట్టుదురు, వానకు భయములేదు. కాని నిలువనీటిలో బండిని ముంచి పరీక్షించుట తెలివి గాదు. వరద వచ్చునన్ననాడు పశువులను ఎక్కించునట్లు బండిని కూడ కరకట్టమీదికి ఎక్కింపవలెను.

ఈ బండ్లు మన డెల్టాలో సర్వసాధారణము కావలెనన్నచో ప్రభుత్వము, ఊరి పెద్దలు చేయవలసిన పనులు కొన్ని కలవు. గిలకలదిండి రేవులోను, గుడివాడ సంతలోను, అవనిగడ్డలోను సరకు దించు రెండుగంటలలో మేత దొరకునట్లు త్వరగా నింపు యంత్రములుండవలెను. అట్లున్నచో నూటయిరువదియైదు కిలోమీటర్ల చేపల బేరము కూడ ఈ బండికి లొంగును. రెండవది సాయము. కేంద్రప్రభుత్వము 2024 అక్టోబరు 1న ఆరంభించిన పి.ఎం. ఈ-డ్రైవ్ పథకమునకు 10,900 కోట్ల రూపాయలు కేటాయించిరి. అందు మూడుచక్రముల సరకుబండికి సాయము పెట్టిరి. 2025 జూలైలో పెద్ద లారీలకు నియమములు ప్రకటించిరి. మూడున్నర టన్నుల లోపు నాలుగుచక్రముల చిన్నబండికి మాత్రము చోటు పెట్టలేదు. పెద్దకొడుకునకును చిన్నకొడుకునకును వడ్డించి నడిమివానిని పస్తుంచినట్లున్నది. పైగా 2025 సెప్టెంబరు 22నుండి పెట్రోలు, డీజిలు సరకుబండ్లపై జి.ఎస్.టి. 28నుండి 18 వంతులకు తగ్గినది. విద్యుత్తు బండ్లపై ముందునుండియు 5 వంతులే. పెట్రోలు బండి చౌకయగుట కొనువానికి మేలే. కాని నేను చెప్పిన రెండున్నర లక్షల అంతరము ఇంకను పెరిగినది. నేడు కొనువారు యాబదివేలకు బదులు మరికొన్నివేల కిలోమీటర్లు కలిపి లెక్క చూచుకొనవలెను.

పెద్దలారా, ఈ మాటలు ముఖ్యముగా మీకే. బండి నడుపువాడు పిల్లవాడు. సంతకము మనది, భూమి మనది. మీ కొడుకో, మేనల్లుడో, మనుమడో వచ్చి కరెంటుబండి కొందుననినప్పుడు కాలము చెడినదని కసరకుడు. కాలము మారినదని సంబరపడి వెంటనే సంతకమును చేయకుడు. మూడు ప్రశ్నలడుగుడు. దినమునకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుచున్నావు? ఎంత బరువు వేయుచున్నావు? రాత్రి నీ బండి ఎక్కడ పండుకొనును? మూడింటికిని నోటిమాటగా గాక కాగితముమీద, ఒక నెల దినముల లెక్కగా జవాబు తెమ్మనుడు. తెచ్చిన జవాబు తొంబది లోపు, ముప్పది సంచుల లోపు, మన యింటిముందరనే అని వచ్చినచో కలము చేతికి తీసికొనుడు. లేనిచో మరికొంతకాలము డీజిలుబండినే నడుపుకొనుమని బుజ్జగించి చెప్పుడు. రేవున, సంతలో మేత దొరకునాడు అదే ప్రశ్నలకు వేరు జవాబులు వచ్చును. అప్పుడు మరల చూచుకొనవచ్చును.

నిన్న సాయంకాలము కూడ నా శిష్యుడు ఇల్లు చేరి, బండి దిగి, గోడకు తీగ తగిలించుచుండగా నేను ఆ దారినే పోవుచుంటిని. "ఈ రోజు ఎనభైరెండు, మాస్టారూ" అని తానై చెప్పెను. వాని తల్లి లోపలనుండి, "మేత పెట్టావురా?" అని యడిగెను.